వకాల్తా లేని విన్నపము

ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తిగారికిని, సహ న్యాయమూర్తులకును విజయవాడనుండి ఒక ప్లీడరు గుమస్తా నమస్కరించి వ్రాసికొను బహిరంగ లేఖ.

మహాశయులారా,

ఎవరి వకాల్తాయు నా చేత లేదు. ఈ కాగితమునకు కోర్టు ఫీజు స్టాంపు అంటింపలేదు, అఫిడవిట్టు జతపరుపలేదు. ఇది ఏ సెక్షను క్రింద నిలుచునని ఎవరైన ప్రశ్నించినచో తెల్లమొగము వేయుటకంటె నాకు గత్యంతరము లేదు. నలుబదియేండ్లు బెజవాడ కోర్టులలో కాగితపు కట్టలు కట్టి, విప్పి, మరల కట్టి, వాయిదాల పుస్తకము వ్రాసి, మా ప్లీడరుగారు కాలధర్మము నొందిన పిదప ఇంట కూర్చున్నవాడను. దావా పత్రములకు నకళ్లు వ్రాసి వ్రాసి నా తెలుగు కూడ దావా పత్రముల తెలుగే అయిపోయినదని నా మనుమరాలు నవ్వును. మీరు మన్నింతురని ఆశించెదను.

1961 నాటి న్యాయవాదుల చట్టము 16వ సెక్షను ననుసరించి, సామర్థ్యమో వృత్తిలో ప్రతిష్ఠయో విశేష పరిజ్ఞానమో కల న్యాయవాదిని సీనియర్ అడ్వొకేటుగా గౌరవించు అధికారము మీ ఫుల్ కోర్టునకు కలదు. ఆ గౌరవమునకు తగినవారికై వెదకునప్పుడు మీ దృష్టి ప్రసరించు దిక్కులలో ఒక దిక్కు తప్పిపోవుచున్నదని నా మనవి. అది పనిలో ప్రమాదమునకు గురియైన కూలీల నష్టపరిహారపు కేసులు నడచు దిక్కు. అందును, పరిహారము కోరు పక్షమున గాక, కోరబడిన పక్షమున, అనగా యజమానుల తరఫునను ఇన్సూరెన్సు కంపెనీల తరఫునను నిలిచి వాదించు స్త్రీ న్యాయవాదుల దిక్కు. అట్టివారిలో ఒకామెను నేను ఇరువదియేండ్లు ఎదుటి బల్లనుండి చూచితిని; ఏలయన మా ప్లీడరుగారు తన జీవితమంతయు కూలీల పక్షముననే వకాల్తా పుచ్చుకొనినవారు. ఆమె పేరు ఇందు వ్రాయను. వ్రాసినచో ఇది సిఫారసగును. గుమస్తాకు సిఫారసు చేయు అర్హత లేదు, ఆమెకు సిఫారసు అవసరమును లేదు.

మీకు తెలియని చట్టమును నేను చెప్పబోను. అయినను కాగితములు సర్దువాని కంటికి తగులు విశేషములు కొన్ని యుండును. పని చేయుచుండగా దెబ్బ తగిలిన కూలికి, యజమాని తప్పున్నను లేకున్నను, పరిహారము చెల్లింపవలెనని విధించిన చట్టము 1923వ సంవత్సరపు 8వ చట్టము. స్త్రీ యను కారణమున ఎవ్వరిని న్యాయవాద వృత్తికి దూరము చేయరాదని విధించిన చట్టము అదే 1923వ సంవత్సరపు 23వ చట్టము. 1916లో రెజీనా గుహ యను విదుషీమణి న్యాయశాస్త్ర పట్టము చేత పట్టుకొని కలకత్తా హైకోర్టు గడప తొక్కగా, చట్టములోని ‘వ్యక్తి’ యను మాటలో స్త్రీ యిమడదని ఆ న్యాయస్థానము సెలవిచ్చినది. 1921లో సుధాంశుబాల హజ్రాగారికి పాట్నాలో అదే సమాధానము లభించినది. ఆ యేడే అలహాబాదు హైకోర్టు కొర్నీలియా సొరాబ్జీగారికి తలుపు తెరచినను, దేశమంతటికి తలుపు తెరచినది 1923 చట్టమే. అనగా, ఆవరకు లెక్కలోనికి రాని ఇరువురు మనుష్యులు ఒకే ఏట లెక్కలోనికి వచ్చిరి: చేయి తెగిన కూలి ఒకడు, నల్లకోటు తొడిగిన ఆడుది ఒకతె. ఆ కూలికి ఎదురుగా ఆ ఆడుదియే నిలుచు దినము వచ్చునని ఆనాటి శాసనకర్తలు ఊహించియుండరు.

స్త్రీలకు తెలుగుదేశమున గౌరవము దక్కలేదని నేననను. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయిగారు 1942లో న్యాయశాస్త్ర పట్టము పొంది, మదరాసు హైకోర్టులో వాదించి, రాజ్యాంగ సభలో కూర్చుండిరి. మన డెల్టా పశ్చిమ భాగమున బాపట్ల చెంత అప్పికట్లలో 1928లో జన్మించిన అమరేశ్వరిగారు 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు ప్రథమ మహిళా న్యాయమూర్తి అయిరి. ఆ దినమున మా బార్ రూములో మిఠాయి పంచుట నాకు జ్ఞాపకము; అప్పటికి నేను వృత్తిలో క్రొత్త. కాని వీరెల్లరు ఎక్కిన మెట్లు పెద్ద కోర్టు మెట్లు. నేను చెప్పు గదికి మెట్లు లేవు. నేలమీదనే యున్నది.

2022 ఆగస్టు 20వ తేదీన, అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తియు పొన్నవరమున పుట్టిన మన జిల్లావారును అగు జస్టిస్ ఎన్.వి. రమణగారు విజయవాడలో ప్రారంభించిన బహుళ అంతస్తుల న్యాయస్థాన సముదాయమును చూచి నావంటి వృద్ధ గుమస్తాలు కన్నీరు పెట్టుకొనిరి. మేము రేకుల క్రిందను చెట్ల క్రిందను టైపు మిషనులు పెట్టుకొనిన దినములు ఎరుగుదుము గనుక. అయితే నష్టపరిహారపు కేసులు ఆ భవనములో నడువవు. వానిని విచారించు కమిషనరు న్యాయాధికారి కాడు, కార్మిక శాఖాధికారి. ఆయన గదిలో ఒకవైపు కనీస వేతనముల తనిఖీ ఫైళ్లు, మరియొకవైపు సంఘముల రిజిస్ట్రేషను దస్త్రములు, నడుమ ఒక బల్ల. ఆ బల్లకు ఇరువైపుల మనుష్యుని కాలుసేతుల ధర నిర్ణయమగుచుండును.

అచటికి వచ్చువారెవరు? ఇ.ఎస్.ఐ. వర్తించు కర్మాగారములవారు రారు. వారికి వేరు ఏర్పాటు కలదు. మిగిలినవారెల్లరు ఇచటివారే. బెజవాడ లారీల ఊరు గనుక డ్రైవర్లును క్లీనర్లును మొదటి వరుస. తరువాత కంచికచర్ల దిక్కు క్రషర్లలో రాయి పగిలి కన్ను పోగొట్టుకొనినవారు, గుడివాడ దిక్కు బియ్యపు మిల్లులలో బెల్టునకు వ్రేళ్లు అప్పగించినవారు, కైకలూరు చెరువుల గట్లమీద మోటారు తీగ తగిలి పడిపోయినవారు, నాట్లకు పోవుచు ట్రాక్టరు ట్రక్కు బోల్తాపడి నడుము విరిగిన స్త్రీలు. ట్రాక్టరనిన జ్ఞాపకము వచ్చినది. చట్టపు రెండవ షెడ్యూలు సేద్యమును గూర్చి చెప్పునప్పుడు ట్రాక్టరుతోనో, ఆవిరి విద్యుత్తు మొదలగు యంత్రశక్తితోనో చేయు సేద్యమునే పేర్కొనినది. ఎడ్లబండినుండి పడిన కూలి ఆ వాక్యములో ఇమడక బయటనే నిలిచిపోవును. డెల్టాలో ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చుట వలన కాలువలకేమి మేలు కలిగెనో నేనెరుగను గాని, ఈ గదిలో మాత్రము ఎందరికో కూడు దొరికినది.

ఎదిరి పక్షము సామాన్యముగా ఇద్దరు. ఒకటవ ఎదిరి లారీ యజమాని. ఆయన తరచుగా రానే రాడు, ఎక్స్‌పార్టీ యగును. రెండవ ఎదిరి ఇన్సూరెన్సు కంపెనీ. ప్యానెలు అడ్వొకేటు రూపమున అది తప్పక వచ్చును. నేను చెప్పు లాయరమ్మగారు అట్టి ప్యానెలులోనివారు.

ఆమె పని యెట్టిదో తెలియవలెనన్న పరిహారపు లెక్క కొంత చెప్పక తప్పదు. అది పైకి త్రైరాశికమువలె కనబడును. పనివాడు మరణించినచో నెలసరి వేతనములో సగమును, శాశ్వత సంపూర్ణ వైకల్యము పొందినచో నూటికి 60 వంతులను, 1923 నాటి నష్టపరిహారపు చట్టపు నాలుగవ షెడ్యూలులో వయస్సునకెదురుగా నిచ్చిన గుణకముతో హెచ్చింపవలసియుండెను. వేతనము ఎంతయున్నను లెక్కకు తీసికొనదగిన హద్దు 2010 వరకు 4,000 రూపాయలు, ఆపై 8,000, 2020 జనవరినుండి 15,000. నలుబదియేండ్లవాని గుణకము 184.17, పై హద్దున మరణ పరిహారము 13,81,275 రూపాయలగును. నలుబదియైదేండ్లవాని గుణకము 169.44, మొత్తము 12,70,800. అయిదేండ్ల వయస్సు తేడా 1,10,475 రూపాయల తేడా! మన కూలీల వయస్సో, రేషను కార్డులో ఒకటి, ఓటరు కార్డులో ఒకటి, శవపరీక్ష నివేదికలో వైద్యుడు కంటితో అంచనా వేసినది వేరొకటి. జీతమునకు రసీదు లేదు. బత్తా జీతములో చేరునో చేరదో చెప్పు కాగితము లేదు. లారీ యజమాని క్లీనరునకు నియామక పత్రమిచ్చుట నేను వినలేదు. ఇన్ని అనిశ్చయముల నడుమ ఒక నిశ్చయమైన అంకెను తేల్చుటకు అడ్డు ప్రశ్నలు వేయువారు ఒకరు ఉండితీరవలెను. వారే ఎదిరి పక్షపు న్యాయవాది.

అంగవైకల్యపు కేసులు ఇంతకంటె చిక్కు. ఒక బొటనవ్రేలు పోయినచో నూటికి 30, ఒక చేతి నాలుగు వ్రేళ్లును పోయినచో 50, రెండవ కన్ను బాగుండి ఒక కన్ను పోయినచో 40 అని మొదటి షెడ్యూలు వ్రాసినది. షెడ్యూలులో లేని గాయములకు సంపాదన శక్తి ఎంత తరిగినదో వైద్యుడు చెప్పవలెను. మన పొరుగున జయపురములో సినిమా హాలు పని చేయుచు పడిపోయి ఎడమచేయి మోచేతిపైవరకు పోగొట్టుకొనిన వడ్రంగి కేసులో, ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక అతనిది సంపూర్ణ వైకల్యమేయని 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పరిహారము ప్రమాద దినముననే బాకీ పడునని కూడ చెప్పినది. ఈ తీర్పును కూలీల ప్లీడర్లు వల్లించుట వింత కాదు. కంపెనీ ప్లీడరు తన కంపెనీకి వ్రాయు లేఖలోనే దీనినుదహరించి, “ఇది పోరాడదగిన కేసు కాదు” అని తెలుపుట వింత. లాయరమ్మగారు అట్లు వ్రాసినట్లు నేనెరిగిన సందర్భములు ఒకటి రెండు కావు.

ఒకటి చెప్పుదును. రాత్రివేళ దారిప్రక్కన నిలిపిన లారీ క్రింద క్లీనరు నిద్రించుచుండెను. తెల్లవారుజామున డ్రైవరు చూడక బండి కదలించెను. నిద్రలో నున్నవాడు పనిలో నున్నట్లెట్లగునని కంపెనీ కార్యాలయపు ప్రశ్న. మేము సాక్షులను సిద్ధపరచుకొనుచుండగనే, దూరప్రయాణమున బండిని సరకును రాత్రి కావలి కాయుట క్లీనరు పనిలోనిదే గాని విశ్రాంతి కాదనియు, పాలసీలో క్లీనరునకు ప్రీమియము కట్టియున్నారు గనుక సొమ్ము వెంటనే జమచేయుట మేలనియు, ఆలస్యమైనకొలది నూటికి 12 చొప్పున వడ్డీ పెరుగుననియు ఆమె వ్రాసెను. కంపెనీ జమచేసెను. పోటీ లేక ముగిసిన కేసునకు ప్యానెలు ఫీజు తక్కువయని తరువాత ఆమె గుమస్తా నాతో చెప్పినాడు. అతని మొగమున కొంచెము విచారము కనబడినది. గుమస్తాలకు ఫీజులో వంతు ఉండునుగదా!

కంపెనీలన్నియు ఇట్టి సలహాలు వినుననియు, ప్యానెలు ప్లీడర్లందరు ఇట్టివారేననియు నేను ప్రమాణము చేయను. పాలసీ నకలు తెచ్చుటకని ఒక వాయిదా, తెచ్చినది స్పష్టముగా లేదని ఒక వాయిదా, అధికారి బదిలీ యయినాడని మరొక వాయిదా లాగినవారిని కండ్లార చూచితిని. మూడు నెలలలో కేసు తేల్చవలెనని 2009 సవరణ చెప్పినది. మూడు నెలలకు ఎదిరికి సమనులు అందిన కేసు మా కట్టలలో అదృష్టవంతమైనదిగా ఎంచబడెడిది.

వసారాలో కంపెనీ ప్లీడరనిన తిట్టులకు కొదువ లేదు. పురుషుని ‘రాతిగుండెవాడు’ అని ఒక్క మాటతో విడుతురు; స్త్రీకి ఆ మాట చాలదు, ఆమె స్త్రీత్వమును కూడ లెక్కకు తెత్తురు. ఒకనాడు గన్నవరము ఆవలి పల్లెనుండి వచ్చిన ముసలమ్మ, అల్లుని వయస్సును గూర్చి తన కూతురిని లాయరమ్మగారు వేసిన ప్రశ్నలు విని బయటికి వచ్చి, నడవలో ఆమె నడ్డగించి, “నువ్వూ ఒక ఆడకూతురివేగా! నా బిడ్డ నోటికాడ కూడు లాక్కుంటే నీకేమొచ్చిద్ది?” అని పెద్దపెట్టున అడిగెను. చుట్టునున్నవారందరు ఆమె పక్షమే. ఆ క్షణమున నేనును ఆమె పక్షమే. లాయరమ్మగారు ఫైలు చంకన పెట్టుకొని, “పెద్దమ్మా, ఇక్కడ నేను అడిగి తేల్చుకుంటేనే మీకు మంచిది. నేను వదిలేస్తే రేపు హైకోర్టులో ఇంకొకరు అడుగుతారు. అక్కడ జవాబు చెప్పుకోటానికి మీరు ఉండరు” అని చెప్పి వెళ్లిపోయిరి. ముసలమ్మకు ఆ మాట ఎక్కలేదు. నాకు ఎక్కుటకు కొంతకాలము పట్టినది. నష్టపరిహారపు చట్టము 30వ సెక్షను క్రింద మీయొద్దకు వచ్చిన అప్పీలులో గణనీయమైన చట్ట ప్రశ్న ఉండవలసియుండెను. సంగతులు, వయస్సు, జీతము, ఎవరు ఎవరి పనివాడో, ఇవన్నియు ఆ క్రింది గదిలోనే తేలిపోవలెను. అచట గట్టిగా ప్రశ్నింపబడి నిలిచిన కాగితమే మీయొద్ద నిలుచును. ఎక్స్‌పార్టీగా దక్కిన ఉత్తర్వులు మరల క్రిందికి పంపబడి, విధవలు మరి రెండేండ్లు తిరుగుట మేము చూచితిమి.

మా పక్షము ఓడిపోయిన కేసు నొకదానిని కూడ చెప్పవలెను. లారీకి సరకు ఎత్తుచు పడి తొడ యెముక విరిగినదని మాయొద్దకు వచ్చిన ఒకని మాట నమ్మి మా ప్లీడరుగారు దరఖాస్తు వేసిరి. లాయరమ్మగారు ఆసుపత్రి ప్రమాదముల రిజిస్టరు తెప్పించిరి. చేరిన రాత్రి అతడు తన నోటితో, సొంత పాక కప్పుచు పడినట్లు చెప్పియుండెను. దరఖాస్తు కొట్టివేయబడెను. ఆ తరువాత జరిగినదే నాకు ముఖ్యము. సాక్ష్యముగా దాఖలైన అతని రేషను కార్డు అసలుప్రతి దస్త్రములో చిక్కుకొనియున్నది. దానిని తిరిగి ఇప్పించుటకు మాకు తోచకమునుపే, తమ పక్షమున అభ్యంతరము లేదని ఆమె మెమో వ్రాసి ఇచ్చిరి. కార్డు లేనిచో ఆ నెల బియ్యము రాదుగదా. మా ప్లీడరుగారు ఇంటికి పోవు రిక్షాలో దానిని గూర్చి ఏమియు అనలేదు. మరునాడు ఆమె కనబడినప్పుడు మాత్రము కుర్చీనుండి లేచి నిలుచుండిరి. ఆయన లేచి నిలుచుండుట నేను జిల్లా జడ్జీలకు తప్ప చూచియుండలేదు.

ఇక శాస్త్రపక్షమున ఒక మాట. ఏ చట్టమునకైనను పొలిమేర ఎచట నున్నదో, అచటికి పోయి ‘ఇది దాటరాదు’ అని వాదించినవారున్నప్పుడే తేలును. సౌరాష్ట్రమున ఉప్పు మళ్లలో పని చేయు కూలీలు పని ముగించుకొని పాయ దాటుచు పడవ మునిగి మరణింపగా, అది పనిలో జరిగిన ప్రమాదము కాదని 1958లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. లంకలలోనుండి పడవలమీద పనికి వచ్చు మన కూలీల సంగతి తలచుకొని మా ప్లీడరుగారు ఆ తీర్పు చదివినప్పుడెల్ల నిట్టూర్చెడివారు. గుండె జబ్బుగల ఉద్యోగి పనిచోటనే మరణించిన నెల్లూరు కేసులో, పనియొత్తిడికిని మరణమునకును సంబంధము రుజువు కాలేదని 2006లో అదే న్యాయస్థానము పరిహారము నిరాకరించినది. ఇవి కఠినములే. అయినను పొలిమేర రాయి ఎచట పాతియున్నదో స్పష్టమైనందుననే, దానిని జరుపవలెనని అడుగుటకు ప్రజలకు వీలు కలిగినది: 1923 నాటి నష్టపరిహారపు చట్టమును తనలో కలుపుకొనిన 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి, ఇంటినుండి పనికిని పనినుండి ఇంటికిని పోవు దారిలో జరిగిన ప్రమాదమును సైతము, పనితో సంబంధము రుజువైనచో, పనిలో జరిగినదానిగనే ఎంచుమని చెప్పుచున్నది. 1958లో యజమాని పక్షమున వాదించిన న్యాయవాదికి ఈ పుణ్యములో భాగము లేదని నేననలేను.

మహాశయులారా, ఇట్టి కృషి మీ కంటబడకుండుటకు కారణము మీ దృష్టి లోపము కాదు, కొలమానపు లోపము. కమిషనర్ల ఉత్తర్వులు ఏ లా జర్నలులోను అచ్చుపడవు. 2017లో ఇందిరా జైసింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు సీనియర్ గౌరవమునకు నూరు మార్కుల పద్ధతి నేర్పరచినప్పుడు అనుభవమునకు 20, తీర్పులు మొదలగువానికి 40, రచనలకు 15, ముఖాముఖికి 25 అని పంచినది. 2023లో తీర్పుల వాటా 50కి పెరిగి రచనల వాటా 5కి తగ్గినది. లాయరమ్మగారు ఆ కాగితము నింపుటకు కూర్చున్నారని ఊహింపుడు. ఆమె చేసిన ఉత్తమమైన పనులు మూడు: పోరాడవలదని చెప్పి జమచేయించిన సొమ్ము, వేయవలదని చెప్పి ఆపిన అప్పీలు, క్రింది గదిలోనే తేల్చివేసిన సాక్ష్యము. మొదటిదానికి తీర్పు లేదు. రెండవదానికి నంబరు లేదు. మూడవది కార్మిక శాఖ బీరువాలో చెదలకు ఆహారము. వ్యర్థమైన అప్పీళ్లు నూరు వేసి మీ కాలము హరించిన మరియొకరికి నూరు తీర్పులలో పేరు అచ్చగును. కంపెనీ అప్పీలు వేయవలెనన్న తీర్పు సొమ్మంతయు ముందుగా జమచేయవలెనని చట్టము విధించినది గనుక ఆమె సలహా విన్న కంపెనీ కొంత లాభపడినదేమో. చెప్పినందులకు ఆమె మాత్రము సున్న మార్కులు పొందినది.

2025 మే నెలలో సుప్రీంకోర్టు ఆ మార్కుల పద్ధతిని తొలగించినది. క్రింది న్యాయస్థానములలోను ప్రత్యేక ట్రిబ్యునళ్లలోను వాదించువారి పాత్ర తక్కువది కాదనియు, వారిని కూడ పరిగణింపవలెననియు చెప్పి, క్రొత్త నియమములు చేసికొను బాధ్యతను హైకోర్టుల మీద నుంచినది. ఆ వాక్యమును నా మనుమరాలు చదివి వినిపించినప్పుడే ఈ లేఖ వ్రాయవలెనని నాకు తోచినది. నియమములో ‘ట్రిబ్యునళ్లు’ అను మాట ఉన్నంతమాత్రమున చాలదు. భూసేకరణ, పన్నులు, కంపెనీ లా, ఇట్టి ధనవంతములైన ట్రిబ్యునళ్లే ఆ మాటలో ముందుగా దూరి కుర్చీలు పట్టుకొనును. కార్మిక నష్టపరిహారపు కమిషనరు గదియు అందు చేరినదని మీరు స్పష్టముగా గ్రహింపవలెను. ఆ గది దస్త్రములను, అనగా ఉత్తర్వులను, అడ్డు ప్రశ్నల నకళ్లను, ఎదుటి పక్షపు ప్లీడర్ల అభిప్రాయములను తెప్పించి చూడవలెను. ఎదుటి పక్షమువారి నడిగినచో తెలియునంత మరి ఎవరినడిగినను తెలియదు.

స్త్రీ యను మాట ఇందులోనికి ఎందుకు తేవలెనని అడుగువారుందురు. ఎందుకనగా, ఆ గదిలోనికి స్త్రీలు తోయబడుట నేను చూచితిని గనుక. ప్యానెలు పంపకములలో పెద్ద మొత్తముల మోటారు కేసులు, హైకోర్టు అప్పీళ్లు పురుషుల బల్లలకు నడచిపోవును. సమనులకును సాక్షులకును కాళ్లరుగునట్లు తిరుగవలసిన చిన్న ఫీజుల కేసులు ‘మేడమ్‌గారు ఓపికగా చూస్తారు’ అను ప్రశంసతో స్త్రీల బల్లలకు వచ్చును. ఇది ఏ ఒక్క కార్యాలయపు దోషమనియు చెప్పను. అందరికి అలవాటయిన దోషము. ఆ విధముగా చేతికి వచ్చిన పనిని కొందరు స్త్రీలు ఒక విద్యగా చేసిరి. దేశమున సుప్రీంకోర్టు ప్రథమముగా సీనియరుగా గౌరవించిన స్త్రీ లీలా సేఠ్‌గారు, 1977లో. బొంబాయి హైకోర్టు అట్లు గౌరవించిన ప్రథమ మహిళ ఇందిరా జైసింగ్‌గారు, 1986లో. స్త్రీలకు తలుపు తెరచిన 1923 చట్టము పుట్టి అరువదియేండ్లు గడచినను ఇట్టివారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. 2024లో సుప్రీంకోర్టు బార్ అసోసియేషను కార్యవర్గమున మూడవ వంతు స్థానములు స్త్రీలకుంచవలెనని ఉత్తరువు రావలసివచ్చినదన్న, తమంత తాముగా మనవారు జరిగి చోటిచ్చువారు కారనియే గదా!

నా విన్నపములో ఒక చిక్కు కలదు, దాచను. సీనియరు గౌను ధరించిన న్యాయవాది వకాల్తా దాఖలు చేయరాదు, కక్షిదారుతో నేరుగా వ్యవహరింపరాదు, వేరొక న్యాయవాది తోడు లేక హాజరు కారాదు. లారీ క్లీనరు కేసులో సీనియరును నియమించు కంపెనీ ఏది? కాబట్టి మీరు ఆమెను గౌరవించినచో ఆమె ఆ గదికి దూరమగును. గౌరవింపనిచో ఆమె అచటనే యుండును, మేము సుఖపడుదుము. ఇది తెలిసి కూడ అడుగుచున్నాను. మా స్వార్థముకొరకు ఇరువదియేండ్లు ఆమెను నేలమీదనే నిలిపితిమి. ఆమె పోయిన చోట, నష్టపరిహారపు చట్టమును అంతలోతుగ నెరిగిన కంఠమొకటి మీ బల్ల యెదుట వినబడును. ఆమె ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుండుటకు ఆమెయొద్ద పని నేర్చిన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఇప్పటికే ఫైళ్లు మోయుచున్నారు.

మరియొక దారియు కలదు. అయిదేండ్లు న్యాయవాదిగా నున్నవారిని కమిషనరుగా నియమింపవచ్చునని 2009 సవరణ అవకాశమిచ్చినది. ఆ నియామకము ప్రభుత్వము చేతిలోనిది, మీ చేతిలోనిది కాదని ఎరుగుదును. అయినను ప్రభుత్వ పెద్దలు కూడ ఈ లేఖను చూచినచో సంతోషింతును. ఆ బల్లకు అవతల కూర్చుండి ఆమె ఒక సాక్షి వయస్సును నిర్ణయించుట చూడవలెనని నాకు కోరిక.

నేలపాడునుండి ప్రకాశం బ్యారేజి దాటి వచ్చినచో ఈ గది దూరము కాదు. బహిరంగ విచారణయే గనుక ఎవరైనను వచ్చి కూర్చుండవచ్చును. తలుపు ప్రక్కనున్న బల్లకు ఒక కాలు పొట్టి, ఇటుక ముక్క పెట్టియుందురు. కుడివైపున కూర్చుండినచో ఊగదు. పదిన్నరకు పిలుపులు మొదలగును. లాయరమ్మగారు పదింటికే వచ్చి, ఎదుటి పక్షపు సాక్షులు దూరమునుండి వచ్చిరో లేదో ముందుగా కనుగొని, వారికి తిరుగు బస్సు తప్పిపోకుండునట్లు వారి కేసు ముందు పిలిపింపుమని అడుగుచుందురు.

ఇట్లు,
విధేయుడు,
ఒక ప్లీడరు గుమస్తా,
విజయవాడ.